వీ-క్రాస్‌కి ఇంట్లోనే ఫైబర్ కానోపీ కట్టుకోవచ్చా? బోట్లు కట్టేవాడి సమాధానం

అనంతపురం నుంచి అడిగినవారి ప్రశ్న క్లుప్తంగా ఇదీ: ఇసుజు వీ-క్రాస్ పికప్ బండి ఉంది. వెనక బెడ్‌లో డ్రిప్ సామాను, మోటారు స్పేర్లు వేసుకుని తోటకీ ఊరికీ తిరుగుతారు. వాన, దుమ్ము, దొంగలు, మూడింటి బాధా ఉంది. బెడ్ మీద బిగించే రెడీమేడ్ కప్పుకి, అదే కానోపీకి, లక్ష పైనే చెప్తున్నారు. వీడియోలో ఒకాయన థర్మాకోల్ దిమ్మలు అతికించి, చెక్కి, పైన ఫైబర్ పూసేశాడు, రెండు ఆదివారాల్లో అయిపోయింది. "నేనూ అలా చేసుకోవచ్చా?"

చేసుకోవచ్చండి. కానీ ఆ పద్ధతిలో కాదు, రెండు ఆదివారాల్లో అంతకన్నా కాదు. ప్లైవుడ్, సన్‌మైకాతో తొట్టి లాంటి అచ్చు కట్టి, దాని లోపల ఫైబర్ వేయండి. బండి మీద కూర్చునే అంచుని మాత్రం బండి మీదే పోయండి. మొదటిసారి చేసేవారికి ఎనిమిది, పది సెలవు రోజులు పడతాయి. అందులో ఫైబర్ వేసే పని కొన్ని పూటలే. మిగతాదంతా అచ్చు, కొలతలు, రుద్దుడు.

నేను కాకినాడ దగ్గర ఫైబర్ బోట్లు కట్టే పనిలో ఉన్నాను. 2004 సునామీ తర్వాత మా తీరంలో ఫైబర్ బోట్ల పని ఒక్కసారిగా పెరిగినప్పుడు హెల్పర్‌గా చేరి నేర్చుకున్నదే. పికప్ బళ్లకి ఇప్పటిదాకా చేసినవి ఐదు: రెండు బొలేరో క్యాంపర్లకి, మూడు వీ-క్రాస్‌లకి. మొదటిది మీరు చూసిన వీడియో దారిలోనే చేశాను కాబట్టి అక్కణ్ణుంచే మొదలెడతాను.

థర్మాకోల్ ఎందుకు వద్దంటే

ఫైబర్ పనిలో గ్లాసు పోగుల మీద పోసి గట్టిపరిచే జిగురు ద్రవాన్ని రెజిన్ అంటాం. మనకి కొట్లో దొరికే మామూలు రెజిన్ పాలిస్టర్. అందులో స్టైరీన్ ఉంటుంది. థర్మాకోల్ అంటేనే పాలీస్టైరీన్, కాబట్టి రెజిన్ తగిలితే వేడి నీళ్లలో పటికబెల్లంలా కరిగిపోతుంది. "పైన కాగితాలు అతికించి ఫెవికాల్ పూస్తే తగలదు కదా" అనుకున్నాను నేనూ. ఎక్కడో సూది మొనంత సందు వదిలాను. రాత్రి బాగానే ఉంది. తెల్లారి వేలితో నొక్కితే ఒక పక్కంతా లోపల డొల్ల. క్యాంపర్ పక్క గోడ జానెడు మేర లోపలికి కుంగిపోయింది.

మరి వీడియోలో ఎలా వచ్చిందంటే, అతను వాడింది ఎపాక్సీ అనే వేరే రకం రెజిన్ అయి ఉంటుంది. ఎపాక్సీ థర్మాకోల్‌ని కరిగించదు. కానీ దాని ధర పాలిస్టర్‌కి కొన్ని రెట్లు. పైగా మన దగ్గర చవగ్గా దొరికే, గ్లాసు పోగుల ముక్కలతో చేసిన చాప్డ్ మ్యాట్‌లో పోగుల్ని పట్టి ఉంచే బైండరు స్టైరీన్‌లో కరిగేలా తయారు చేసింది. ఎపాక్సీ పోస్తే ఆ మ్యాట్ సరిగా మెత్తబడదు, మూలల్లో ఒదగదు. ఎపాక్సీ అంటే నేసిన గ్లాస్ గుడ్డ కూడా కొనాలి. ఒక్క కానోపీకి అంత ఖర్చు దండగని నా అభిప్రాయం.

ఇంకో చిక్కుంది. దిమ్మ మీద ఫైబర్ పూస్తే గరుకు వైపు బయటికి వస్తుంది. దాన్ని నున్నగా చేయడానికి పుట్టీ, ఎమరీ, మళ్లీ పుట్టీ. ఆరు చదరపు మీటర్లు చేత్తో రుద్దినవాడికే తెలుస్తుంది ఆ సంబడం. అచ్చు లోపల వేస్తే నునుపు ఊరికే వస్తుంది.

అచ్చు: కానోపీని తలకిందులుగా ఊహించుకోండి

కానోపీని తిరగేస్తే ఎలా ఉంటుంది? అడుగు భాగం కానోపీ కప్పు, నాలుగు గోడలు పైకి విచ్చుకుంటూ వెళ్తాయి, పై అంచు బండి బెడ్ మీద కూర్చునేది. క్యాబిన్ పక్కలు పైకి పోయేకొద్దీ లోపలికి వాలి ఉంటాయి కదా, కానోపీకీ అదే వాలు ఇస్తే చూడ్డానికి బాగుంటుంది, పీస్ అచ్చులోంచి సులువుగా ఊడొస్తుంది కూడా. గోడలు నిలువుగా పెట్టారంటే ఊడదీసేటప్పుడు సుత్తి పట్టాల్సిందే.

ఆరు మి.మీ. కమర్షియల్ ప్లై, దాని మీద నిగనిగలాడే సన్‌మైకా, బయట నుంచి రీపర్లతో గట్టి ఫ్రేము. కప్పుకి అడ్డంగా మధ్యలో మూడు, నాలుగు సెంటీమీటర్ల ఎత్తు వంపు తప్పకుండా ఇవ్వండి. నీళ్లు నిలవవు, పలక బిగువుగా ఉంటుంది. బల్లపరుపు కప్పు బండి కదిలితే డబ్బారేకులా టపటపలాడుతుంది. అచ్చు తలకిందులుగా ఉంది కాబట్టి మీ దగ్గర ఆ వంపు గుంటలా కనబడుతుంది. సన్‌మైకా ఒక దిక్కుకే వంగుతుంది, రెండు దిక్కులకీ వంగదు. ముందు నుంచి వెనక్కీ, పక్క నుంచి పక్కకీ రెండు వంపులూ కావాలంటే అది వేరే పని, మొదటిసారికి వద్దు.

మూలలు పదునుగా వదలొద్దు. ఫైబర్ మ్యాట్ పదును మూలలో కూర్చోదు. జెల్‌కోట్ (అచ్చులో మొదట పూసే, బయటికి కనబడే రంగు పొర) వెనక గాలి బుడగ మిగులుతుంది, ఆర్నెల్లకి అక్కడ పెంకు లేస్తుంది. కారు డెంటింగ్ పుట్టీ మూలల్లో వేసి, రెండంగుళాల పీవీసీ పైపు ముక్కతో లాగితే చక్కటి గుండ్రం వస్తుంది. ఆరాక 400, ఆపైన 800 నీటి ఎమరీ.

చిన్న కిటుకు: తెల్ల జెల్‌కోట్ వేస్తారనుకుంటే ముదురు రంగు సన్‌మైకా కొనండి. జెల్‌కోట్ ఎక్కడ పల్చగా పడిందో కంటికి తెలిసిపోతుంది. మీ అనంతపురం ఎండలకి తెలుపే మంచిది. నల్ల కానోపీ మే నెలలో మెత్తబడి లోపలి మ్యాట్ పోగులు, బిగువు కోసం లోపల వేసే పట్టీల గుర్తులు పైకి కనబడతాయి. బండి రంగుకి మ్యాచింగ్ అని పట్టుబట్టిన ఒకాయనకి ముదురు రంగు వేసిచ్చాను. రెండో వేసవికి కప్పు మీద పట్టీలు ఎన్నున్నాయో రోడ్డు మీంచి లెక్కపెట్టొచ్చు.

కొత్త అచ్చుకి వ్యాక్స్ ఆరు కోట్లు, కోటుకీ కోటుకీ మధ్య గంట. ఆపైన పీస్ అచ్చుకి అంటుకోకుండా పూసే పీవీఏ ద్రవం ఒక పొర. ఇక్కడ బద్ధకిస్తే కానోపీ, అచ్చు రెండూ ఒకటైపోతాయి. సన్‌మైకాతో సహా ఊడొచ్చిన బోటు మూత ఒకటి ఇప్పటికీ మా షెడ్డులో ఉంది, కొత్తగా చేరిన కుర్రాళ్లకి చూపించడానికి.

సామాను ఎంత పడుతుంది

ధరలు మారుతూ ఉంటాయి కాబట్టి కిలోల్లో చెప్తాను. మీ కొలతలు మీరు తీసుకోండి. మీటరున్నర పొడవు, ఆ పైన కాస్త వెడల్పు, అర మీటరు పైచిలుకు ఎత్తు అనుకుంటే మొత్తం ఆరు చదరపు మీటర్లు వస్తుంది. దానికి 300 జీఎస్ఎం (అంటే చదరపు మీటరుకి 300 గ్రాములు) మ్యాట్ ఒక పొర, 450 జీఎస్ఎం రెండు పొరలు. చదరపు మీటరుకి 1.2 కిలోల గ్లాసు. ఆరుకి 7.2, ఒకదాని మీదొకటి ఎక్కేవి, వృథా కలిపి 9 కిలోలు. మ్యాట్‌కి రెజిన్ రెండున్నర రెట్లు పడుతుంది, అంటే 22 కిలోలు. పట్టీలకీ అంచుకీ ఇంకో మూడు కిలోల మ్యాట్, దానికి తగ్గ రెజిన్. జెల్‌కోట్ 4 కిలోలు. రెజిన్ మొత్తం 30 నుంచి 35 కిలోలు తెచ్చుకుంటే మధ్యలో కొట్టుకి పరిగెత్తక్కర్లేదు. తయారయ్యాక బరువు 35, 40 కిలోలు. అద్దాలు, తలుపు సామాను వేసుకుంటే 50కి దగ్గర. ఇద్దరు ఎత్తి దింపగలరు.

"గట్టిగా ఉండాలి కదా, ఐదు పొరలు వేస్తాను" అనకండి. 450 మ్యాట్ ఒక పొర ఇంచుమించు ఒక మి.మీ. మందం వస్తుంది. పై లెక్కకి జెల్‌కోట్‌తో కలిపి మూడు మి.మీ. దాటుతుంది, అది చాలు. బిగువు రావాల్సింది మందం నుంచి కాదు, లోపలి పట్టీల నుంచి. మా బోట్లలోనూ అంతే, పెంకు పల్చన, పట్టీలు గట్టి.

మందు కలపడం: ఇక్కడ మాత్రం నా మాట వినాలి

రెజిన్ గట్టిపడాలంటే ఆ పనిని వేగిరపరిచే కోబాల్టూ కావాలి, మన కొట్లలో హార్డనర్ అని ఇచ్చే ఎంఈకేపీ కూడా కావాలి. ఈ రెండిటినీ నేరుగా ఒకదానిలో ఒకటి పోయొద్దు. మంట లేస్తుంది, పేలొచ్చు కూడా. కోబాల్ట్ ముందే కలిపిన రెజిన్ అడిగి తెచ్చుకుంటే ఇంట్లో ఆ సీసా ఉండాల్సిన పనే లేదు. హార్డనర్ చుక్క కంట్లో పడితే చూపు పోయే ప్రమాదం ఉంది. కళ్లద్దాలు లేకుండా మూత తీయొద్దు, పక్కన బకెట్టుడు నీళ్లు పెట్టుకోండి.

కిలో రెజిన్‌కి 10 మి.లీ. హార్డనర్, చలికాలం పొద్దున అయితే 15 దాకా. ముప్పై డిగ్రీల దగ్గర పావుగంట, ఇరవై నిమిషాలు మాత్రమే టైముంటుంది. అందుకే ఒకసారికి కిలో, కిలోన్నర మించి కలపొద్దు. నేను చేరిన కొత్తలో ఒక మే నెల మధ్యాహ్నం నాలుగు కిలోలు ఒకే బకెట్లో కలిపి, మేస్త్రీ పిలిస్తే వెళ్లొచ్చాను. తిరిగొచ్చేసరికి బకెట్టు పొగలు కక్కుతోంది, అడుగు ఊడి రెజిన్ నేల మీద బండరాయిలా గడ్డకట్టింది. వెడల్పు తట్టలో పోసుకుంటే అంత తొందరగా వేడెక్కదు. మిగిలిన రెజిన్, తుడిచిన గుడ్డలు చెత్తబుట్టలో కుక్కి ఇంట్లో పెట్టకండి, బయట పరిచి ఆరనివ్వండి.

పని పొద్దున ఆరింటికి మొదలెట్టి పదింటికి ఆపండి. అచ్చు మీద ఎండ పడకూడదు. వాన రోజున అసలొద్దు, తేమ తగిలిన మ్యాట్ తెల్ల మచ్చలుగా మిగిలిపోతుంది. ఈ విషయంలో మా తీరం కన్నా మీ ఊరే నయం.

జెల్‌కోట్ బ్రష్‌తో రెండు కోట్లు, మొత్తం అర మి.మీ. మందం. పల్చగా పడితే పైన రెజిన్ వేయగానే ముసలివాడి చర్మంలా ముడతలు పడుతుంది. వేలు ఆనిస్తే జిగురు తగలాలి, రంగు మాత్రం వేలికి అంటకూడదు, అదీ తర్వాతి పొరకి అదను. మొదట 300 మ్యాట్ ఒక్కటే వేసి, రోలర్‌తో బుడగలన్నీ తీసి, గట్టిపడనివ్వండి. బయటికి కనబడే అందమంతా ఈ పొర చేతిలోనే ఉంది, తొందరపడొద్దు. తర్వాత 450 పొరలు రెండూ వరసగా వేసేయొచ్చు. మ్యాట్‌ని కత్తెరతో కాకుండా చేత్తో చింపండి, చింపిన అంచు పక్క ముక్కలో కలిసిపోతుంది. కత్తిరించిన అంచు గీతలా నిలబడుతుంది.

పట్టీలు, ఆ తర్వాతే కోత

పొరలు పడ్డాక ఒక రోజు ఆగి, కప్పుకి అడ్డంగా మూడు, పక్క గోడలకి కిటికీ చుట్టూ పట్టీలు వేయండి. నిలువుగా చీల్చిన పీవీసీ పైపు గానీ, పీయూ ఫోమ్ ముక్క గానీ బోర్లించి, పైన రెండు పొరల మ్యాట్ కప్పడమే. పైపు ఊరికే ఆకారానికి, బలమంతా పైన వేసే మ్యాట్‌ది. పీయూ ఫోమ్‌ని పాలిస్టర్ కరిగించదు, నిశ్చింతగా వాడొచ్చు. తడి ఆరకముందే పట్టీ వేస్తే ఆ గీత బయటికి కనబడుతుంది. అలాగని నాలుగైదు రోజులు వదిలేస్తే కొత్త పొర సరిగా పట్టుకోదు, ఎమరీతో గీకి వేయాలి.

పీస్‌ని అచ్చులోనే ఐదారు రోజులు ఉంచండి. పాలిస్టర్ ఆరేకొద్దీ కుంచించుకుంటుంది. ఒకసారి పార్టీ తొందరపెడితే మర్నాడే ఊడదీశాను. వారం తిరిగేసరికి రెండు గోడలూ లోపలికి మొగ్గి, బెడ్ మీద పెడితే ఒక్కో పక్క అర అంగుళం తక్కువొచ్చింది. ఇప్పుడు ఊడదీసిన వెంటనే గోడల మధ్య అడ్డకర్ర బిగించి గానీ నీడకి చేర్చను.

కిటికీలు, వెనక తలుపు కోయడం ఎప్పుడు? పట్టీలన్నీ పడి, ఆరి, ఊడదీశాకే. వెనక గోడని నిండుగా పోసి, తలుపుని అందులోంచే కోస్తే వంపు, వాలు అన్నీ అచ్చుగుద్దినట్టు కలుస్తాయి. తలుపు విడిగా పోసి అమర్చుదామని చూసినవాణ్ణి నేను, మూడు రోజులు రుద్దాను, అయినా ఒక మూల తెరిచిన నోరే.

గ్రైండర్‌తో కోసేటప్పుడు మంచి మాస్కు, నిండు చేతుల చొక్కా. ముందు చేతులకీ మెడకీ పౌడర్ దట్టంగా రాసుకోండి, పని అయ్యాక చన్నీళ్లతోనే స్నానం. వేణ్నీళ్లు పోసుకుంటే దురద రాత్రంతా పట్టుకుంటుంది. ఆ బట్టలు ఇంట్లోవాళ్ల బట్టలతో కలిపి ఉతికారో, మర్నాడు మీకు టిఫిన్ ఉండదు.

బండి మీద కూర్చునే అంచు

వాన లోపలికి రాకుండా ఆపేది ఇదే. బెడ్ అంచులు టేపుతో కొలిచి అచ్చులోనే అంచు పోద్దామనిపిస్తుంది. కానీ రెండు పక్కలూ, రెండు మూలలూ మిల్లీమీటర్ల లెక్కన ఒక్కలా ఉండవు. కొత్త బండికే ఉండదు, బరువులు మోసినదానికి అసలే ఉండదు.

బెడ్ అంచుల మీద మాస్కింగ్ టేపు, పైన మందపాటి పాలిథీన్, ముడతల్లేకుండా. క్యాబిన్, పక్క పలకలు, వెనక అద్దం పూర్తిగా కప్పండి. పెయింట్ మీద పడిన రెజిన్ చుక్క ఆరితే పెయింట్‌తోనే ఊడుతుంది, అసిటోన్‌తో తుడిచినా పెయింట్ చెడుతుంది. బెడ్ అంచు మీది ఆ పాలిథీన్ మీద అంగుళంన్నర వెడల్పుతో మూడు, నాలుగు పొరల మ్యాట్ పోయండి. ఆరాక కానోపీని పైన నిలబెట్టి, మట్టం చూసి, లోపలి మూల వెంబడి మ్యాట్ పట్టీలతో కలిపేయండి. తర్వాత దింపి బయటి నుంచీ ఒక పొర. కింద రబ్బరు గాస్కెట్ మందానికి చోటు వదలడం మర్చిపోవద్దు. బెడ్‌కి కన్నాలు వేయకుండా లోపలి నుంచి సీ-క్లాంపులు పక్కకి మూడేసి చాలు.

ముందు గోడకీ క్యాబిన్‌కీ మధ్య అంగుళంన్నర ఖాళీ ఉంచండి, దేనితోనూ కలపొద్దు. క్యాబిన్ వేరు, బెడ్ వేరు. ఛాసిస్ మీద రెండూ విడివిడిగా ఊగుతాయి. దుమ్ము రాకూడదని నా రెండో క్యాంపర్‌కి ఆ సందులో సీలెంట్ నింపి పట్టీ బిగించాను. నెల తిరక్కుండా కానోపీ ముందు మూలలు రెండూ పగుళ్లిచ్చాయి.

అద్దాల గురించి ఎక్కువ చెప్పను. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట బస్సు బాడీ కట్టే షాపుల్లో అల్యూమినియం జరుపుడు కిటికీలు, అద్దం చుట్టూ వేసే రబ్బరు బీడింగ్, తాళాలు అన్నీ దొరుకుతాయి. ముందు కిటికీ కొనండి, తర్వాత దాని సైజుకి కోయండి. అక్రిలిక్ వద్దు, గీతలు పడి పగులుతుంది.

రెండు హెచ్చరికలు

వెనక తలుపు తెరిచి బండి నడపొద్దు. బండి వెనక గాలి సుడి తిరిగి పొగని లోపలికే లాగుతుంది, దుమ్మునీ అంతే. లోపల మనుషుల్ని ఎక్కించడం అసలొద్దు. కూలీలకి వానొచ్చిందనో, పిల్లలు సరదా పడ్డారనో కూడా.

ఇక కాయితాల సంగతి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన స్పెసిఫికేషన్‌కి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే గట్టిగా చెప్పింది. కాబట్టి ప్లై కొనకముందే మీ రవాణా శాఖ ఆఫీసులో అడగండి, ఇన్సూరెన్స్ వాళ్లకి రాతపూర్వకంగా తెలియజేయండి. వీ-క్రాస్ మన శ్రీసిటీలోనే తయారవుతుంది కాబట్టి షోరూంలో దానికి కంపెనీ యాక్సెసరీగా కానోపీ ఏమైనా ఉందా, దాని బరువు, ఎత్తు ఎంత అని కూడా వాకబు చేయండి. మీ కొలతలు దానికి దగ్గర్లో ఉంటే అడిగినవాళ్లకి చెప్పుకోవడం తేలిక.

బిగించాక మొదటి పరీక్ష రోడ్డు మీద కాదు, ఇంటి ముందే. లోపల పొడి సిమెంటు కాగితాలు పరిచి, తలుపు మూసి, పావుగంట పైపుతో నీళ్లు కొట్టండి. ఎక్కడ తడిసిందో కాగితమే చెప్తుంది. రెండొందల కిలోమీటర్లు తిరిగాక క్లాంపులు మళ్లీ బిగించండి, గాస్కెట్ అణిగి వదులవుతాయి. మీ బెడ్ కొలతలు, వెనక నుంచి తీసిన ఫొటో ఒకటి పెట్టండి. పక్క గోడలకి ఎంత వాలు ఇవ్వాలో లెక్కేసి చెప్తాను.